చక్రం మధ్యలో చిన్న మూత

మేడ్చల్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీదనో, శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి మీదనో ఎక్కడైనా పంక్చర్ షాపు ముందు కాసేపు నిలబడండి. విరిగిన సెంటర్ క్యాపులు ఒకటో రెండో కనిపిస్తాయి. చక్రం మధ్యలో అరచేతిలో ఇమిడే గుండ్రటి ప్లాస్టిక్ మూత అది. కంపెనీ గుర్తు చూపించడమే దాని పని అనుకుంటాం కానీ, లోపలి హబ్ నట్టు మీద దుమ్ము, బురద పడకుండా కూడా కాస్తుంది.

ఆ మూతను పట్టి ఉంచేవి వెనకనున్న సన్నని కొక్కేలే. అలాయ్ చక్రాన్ని ఊడదీసి ఉంటే పని సులువు, వెనక నుంచి వేళ్లతో నెడితే చాలు. చక్రం బండికే ఉంటే, చదును మూతి స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి, అంచున ఉండే చిన్న గాడిలో పెట్టి కొంచెం లేపండి. ఒకేచోట బలం పెట్టకుండా చుట్టూ తిరిగి రండి. డిసెంబరు చలికి ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్లు పోసి చూడండి. కొన్ని ఇనుప చక్రాలకు క్యాపు అంచు నట్ల కిందే బిగుసుకుని ఉంటుంది. అక్కడ ముందు నట్లే విప్పాలి, లాగితే విరగడం ఖాయం.

తిరిగి పెట్టేటప్పుడు మట్టి తుడిచి, కొక్కేలు సరిచూసుకుని, అరచేత్తో సమంగా నొక్కండి. టక్కుమని చప్పుడు రావాలి. సుత్తి మాత్రం ముట్టుకోకండి.