పసిబిడ్డలకు చోటు: పంచాయతీ ధర్మము, సంఘ ధర్మము

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నిర్గమకాండము రెండవ అధ్యాయములోని కథ మనకు బాల్యమునుండి తెలిసినదే. ఏటియొడ్డున జమ్ముపెట్టెలో పసిబిడ్డ. కొంచెము దూరమున నిలిచి తమ్ముని కనిపెట్టుచున్న అక్క. ఫరో కుమార్తె ఆ బిడ్డను చూచి కనికరించి, పాలిచ్చి పెంచు స్త్రీకి జీతమిచ్చుటకు ఒప్పుకొనెను. ఆ స్త్రీ కన్నతల్లియే. ఈ కథను విశ్వాసపాఠముగా ఎన్నోసార్లు బోధించితిమి. బిడ్డను పెంచుట జీతమునకు తగిన పనియనియు, ఆ జీతము రాజగృహమునుండి వచ్చెననియు ఎందరము బోధించితిమి? నేనైతే చాలాకాలము బోధింపలేదు.

నాకు ఈ సంగతి వేదాంత కళాశాలలో తెలియలేదు. నా పరిచర్య తొలి సంవత్సరములలో, మిరపకోతల కాలమున, ఒక పేటలో తెలిసినది. బడి మానివేసిన పదేండ్ల బాలికను ఆదివారపు బడిలో నలుగురి యెదుట మందలించితిని. ఆ బిడ్డ మారు పలుకలేదు. మరునాడు వారి ఇంటికి పోతిని. తల్లి తెల్లవారకముందే కోతకు పోయినది. బాలిక చంకలో తమ్ముని ఎత్తుకొని గుమ్మములో నిలిచియున్నది. “అయ్యగారూ, వీణ్ణి ఎవరికిచ్చి బడికి పొమ్మంటారు?” అని అడిగినది. నా యొద్ద జవాబు లేదు.

ఆ పేటలో అంగన్‌వాడీ లేదా అని మీరడుగవచ్చును. ఉండెను. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముతో వచ్చిన ఈ కేంద్రములు మన పిల్లలకు అన్నము, ఆటపాటలు, టీకాలు అందించినవి. అది గొప్ప మేలు. అయితే పగలు అక్కడ కూర్చుండి చదువుకొనువారు మూడేండ్లు నిండిన పిల్లలు. అంతకు చిన్నవారి ఆహారము ఇంటికి ఇత్తురు. తల్లి చేనిలో ఉండగా దానిని తినిపించువారెవరు? అక్కయే.

ఈ లోటు ప్రభుత్వమునకు తెలియనిది కాదు. అంగన్‌వాడీలోనే శిశుసంరక్షణ కేంద్రము నడుపుటకు 2022లో పాల్నా పథకము క్రింద ఏర్పాటు చేసిరి. ఆరు నెలలనుండి ఆరేండ్లవరకు గల బిడ్డలను నెలకు 26 దినములు, దినమునకు ఏడున్నర గంటలు చూడవలెనని నియమము. దేశమంతటికి లక్ష్యము 17,000 కేంద్రములు. అంగన్‌వాడీలో, దాదాపు 14 లక్షలు. అనగా ఎనుబదింటికి ఒకటి చొప్పున కూడ రాదు.

ఇక పంచాయతీ సంగతి చూతము. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండవ షెడ్యూలులో 25వ అంశము స్త్రీ శిశు అభివృద్ధి. అంగన్‌వాడీ భవనమునకు 12 లక్షల రూపాయలని 2022లో నిర్ణయించి, 8 లక్షలు ఉపాధి హామీ పథకమునుండి, 2 లక్షలు 15వ ఆర్థిక సంఘపు నిధులనుండి, 2 లక్షలు శిశు సంక్షేమ శాఖ పద్దునుండి ఇవ్వవలెననిరి. 2021 నుండి 2026 వరకు పంచాయతీలకు వచ్చిన ఆ సంఘపు నిధులలో కొంత భాగమును ఊరి అవసరమునుబట్టి వాడుకొనవచ్చును గాని, జీతములకు వాడరాదని నిబంధన. గోడలకు సొమ్ము దొరికినది. బిడ్డను ఎత్తుకొను చేతులకు దొరకలేదు. ఫరో కుమార్తె ఇచ్చినది గోడలకు కాదు, చేతులకే.

కావున మనము చేయవలసినవి మూడు. మొదటిది, ప్రతి పేటలో ఆరేండ్లలోపు బిడ్డలను లెక్కించి వ్రాయుడి. నలువదిమంది ఉండి అంగన్‌వాడీ లేనిచోట, అడిగిన మూడు నెలలలో ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆజ్ఞాపించినది. రెండవది, ఆ లెక్కతో గ్రామసభకు పోయి, శిశుకేంద్రములో పనిచేయు స్త్రీల జీతమునకు పంచాయతీ సొంత ఆదాయమునుండి కొంత, రాష్ట్ర ప్రభుత్వమునుండి మిగిలినది కావలెనని తీర్మానము కోరుడి. వీధిదీపములకే డబ్బు లేదని పెద్దలందురు. అయినను అడుగుడి. అడుగని అవసరము పద్దులోనికి ఎక్కదు.

మూడవది మన ఇంటి సంగతి. మన సంఘపు హాలు వారములో ఆరు దినములు తాళముతో ఉండును. ఆ తాళమును తీయుదము. క్రైస్తవుల బిడ్డలకే కాదు, ఊరి బిడ్డలందరికి తీయుదము. అయితే మనము చోటిచ్చితిమి గనుక ప్రభుత్వ బాధ్యత తీరినదని ఎవరును అనకుండ చూచుకొందము. ఇది ధర్మము చేయుట కాదు, న్యాయము అడుగుట.

ఆ బాలిక మరల బడికి పోలేదు. నేడు ఆమెయు కోతలకు పోవు తల్లియే. ఆమె కుమార్తె తమ్ముని ఎత్తుకొని గుమ్మములో నిలువకముందే మనము లేవవలెను. అట్టి మనస్సు ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.