చెప్పలేని నొప్పి

మిరప కోతలకు ఇంటిల్లిపాదీ చేలోకి వెళ్లే రోజుల్లో ఇంట్లో మేధో వైకల్యం ఉన్న 50 ఏళ్ల బాబాయి ఉన్నాడనుకోండి. నొప్పి పుడితే ఆయన చెప్పలేకపోవచ్చు. అన్నం మానేస్తాడు, చెంప కొట్టుకుంటాడు, కసురుకుంటాడు. మొండితనమనుకోకండి. పన్ను, చెవి, మలబద్ధకం, మూత్రంలో మంట ఉన్నాయేమో చూడండి.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి థైరాయిడ్ లోపం ఎక్కువ. మతిమరుపు జబ్బూ 40, 50 ఏళ్లకే మొదలుకావచ్చు. గుంటూరు ప్రభుత్వాసుపత్రికి వెళ్లినా, ఒంగోలు ప్రభుత్వాసుపత్రికి వెళ్లినా రోజూ చూసుకునే మనిషే వెంట ఉండాలి. మార్పు తెలిసేది ఆ మనిషికే.

వైద్య ఖర్చులకైతే, మేధో వైకల్యం ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. అమ్మానాన్నల తర్వాత వారిని ఎవరు చూసుకోవాలన్నది ఇప్పుడే ఆలోచించండి. చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించేది కలెక్టర్ నాయకత్వంలోని స్థానిక కమిటీ.