సున్నం కొట్టిన రాళ్ళు
(సంఘ ప్రత్యేక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు జమాబందీ రోజులు గుర్తుండే ఉంటాయి. ఏడాది పొడుగునా కదలని దుమ్ము ఆ వారంలో కదిలేది. నేను ప్రభుత్వోద్యోగంలోకి రాకముందు పదిహేనేళ్ళు సైన్యంలో గుమాస్తాగా ఉన్నాను. జమాబందీకి తాతలాంటిది అక్కడ జనరల్ గారి ఇన్‌స్పెక్షన్.

మన ప్రాంతానికి సైన్యం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచి సిపాయిలనిచ్చిన ఊరు. మిలటరీ మాధవరమనే పేరు. ఆ ఇళ్ళవారికి నేను చెప్పబోయేది వింత కాదు.

ఇన్‌స్పెక్షన్ అంటే పదిహేను రోజుల ముందే హడావుడి. దారిపక్క ఇటుకలకు ఒకదానికి గేరు, ఒకదానికి సున్నం. చెట్ల మొదళ్ళకూ అంతే. ఇసుక బకెట్లకు ఎర్రరంగు. మంచంమీద పరిచి చూపించడానికే ప్రతి జవానూ ఒక జత బూట్లు, ఒక దుప్పటి దాచుకునేవాడు. వాడేవి వేరు, చూపేవి వేరు. “కదిలితే సెల్యూట్ కొట్టు, కదలకపోతే సున్నం కొట్టు” అని మాలో మేము నవ్వుకునేవాళ్ళం.

ఇంతవరకు తప్పు లేదు. చుట్టం వస్తున్నాడంటే మనమూ కళ్ళాపి చల్లి ముగ్గు పెడతాం. తప్పు ఎక్కడ మొదలవుతుందో నా అనుభవమే చెబుతాను.

1974 వానాకాలం. మా బ్యారక్ రేకులు కారేవి. మార్చమని మూడుసార్లు పైకి రాసిన కాగితాలు నా ఫైలులోనే ఉన్నాయి. జనరల్ గారు వస్తున్నారని మరకలమీద రెండు పూతలు సున్నం వేయించాం. ఆయన తల పైకెత్తి, “కప్పు బాగుందా?” అని నన్నే అడిగారు. వెనుక మా అధికారులు నిలబడి ఉన్నారు. “బాగుంది సర్” అన్నాను.

రెండోరోజు రాత్రి కుండపోత. జ్వరంనుంచి అప్పుడే లేచిన కుర్రవాడి పక్క తడిసి ముద్దయింది. న్యుమోనియాతో మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు గనుక నేనీ మాట చెప్పగలుగుతున్నాను.

మరుసటి ఏడు మరో పెద్ద అధికారి వచ్చి, మన గోదావరివాడైన ముసలి వంటవాణ్ణి భోజనం గురించి అడిగారు. “కూర బాగుంది సాబ్, కప్పే కారుతోంది” అన్నాడతను. మా ప్రాణాలు పైనే పోయాయి. ఆయన పైకి చూశారు, పుస్తకంలో రాసుకున్నారు. నెల తిరక్కుండా కొత్త రేకులొచ్చాయి.

“భయం వేయలేదా బాబాయ్?” అని అడిగాను.

“ఆయన చూడ్డానికే వచ్చాడురా అబ్బాయ్. చూడనివ్వకపోతే ఇంక రావడమెందుకు?” అన్నాడు.

మిత్రులారా! 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళం మనం. గట్టుమీద ఎర్రమట్టి ఎంత సాపుగా పరిచినా లోపలి ఎలుక కలుగు పూడదు. మన సభకు అధికారులు వస్తే పూలదండలు వేద్దాం, మర్యాద చేద్దాం. దండతోపాటు మన ఇబ్బందుల కాగితం కూడా చేతికిద్దాం. దూరాన ఉన్న పిల్లలు ఫోనుచేసి “ఎలా ఉన్నారు?” అంటే, మోకాళ్ళు పట్టేసినా “బాగానే ఉన్నాం” అంటున్నాం. అదీ సున్నం పూతే. అడిగినవారికి నిజం చెప్పడం ఫిర్యాదు కాదు, వారికి మనం చేసే సాయం.

సెలవు. జైహింద్.