నలభై దాటాక పని మారితే
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునే మమ్మల్ని కార్యదర్శిగారు తెలుగులో మాట్లాడమన్నారు. తప్పులు దొర్లితే మన్నించాలి. విషయం మాత్రం మేమే ఎన్నుకున్నాము. నడివయసులో చేతిలోని పని పోతే మనిషి గతి ఏమిటి, అతనికి మనం చేయగలిగినదేమిటి? పుస్తకాలు చూసి చెప్పడం లేదు, మా ఇంట్లో జరిగినదే మనవి చేస్తాము.

మా నాన్నగారు హైదరాబాదు ఛత్తా బజారులో కాతిబు. అంటే అచ్చు కోసం ఉర్దూను చేత్తో రాసి ఇచ్చేవారు. తెలుగు అక్షరాలను సీసపు టైపులో పేర్చినట్టు ఉర్దూ నస్తాలీఖు లిపిని పేర్చడం సులువు కాదు. ఒకే అక్షరానికి మాట మొదట్లో ఒక రూపం, నడుమ ఒకటి, చివర ఒకటి. పైగా ప్రతి మాటా ఏటవాలుగా కిందికి దిగుతుంది. అందుకని దినపత్రిక మొదలు పెళ్లి రుఖ్ఖా దాకా కాతిబు రెల్లు కలంతో రాస్తేనే, దానిని లిథో రాతి మీదికి ఎక్కించేవారు. రాతి మీద తప్పు దిద్దాలంటే అద్దంలో కనబడినట్టు తిరగేసి రాయాలి. దానికి సంగ్‌సాజు అని వేరే పనివాడు ఉండేవాడు. లిథో పోయి ఆఫ్‌సెట్ వచ్చినప్పుడు ముందుగా అతని పని పోయింది. "అప్పుడు మాలో ఎవరమూ భయపడలేదురా, మన కలం మన చేతిలోనే ఉంది కదా అనుకున్నాం" అని నాన్నగారు చెప్పేవారు.

1981లో లాహోరులో జంగ్ పత్రిక నూరీ నస్తాలీఖు అనే కంప్యూటరు లిపిలో వెలువడింది. మీర్జా అహ్మద్ జమీల్‌గారు వేల కొద్దీ అక్షరాల కూర్పులను చేత్తో రాసి ఇస్తేనే ఆ యంత్రం రాయగలిగింది. మన దేశంలో 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. ఇక కాతిబుల బల్లలు ఒక్కొక్కటే లేచిపోయాయి. చెన్నైలో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రిక ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి చేతిరాతతోనే వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాము. గొప్పే. కాని ఒక్క పత్రిక ఎంతమంది కాతిబులకు అన్నం పెట్టగలదు?

1998లో నాన్నగారికి నలభై నాలుగేళ్లు. మాకిప్పుడు అంతకంటే రెండేళ్లు ఎక్కువ. పని లేకపోయినా ఆయన రోజూ కలాల పెట్టె పట్టుకుని బయలుదేరేవారు. హోటల్లో ఒక్క చాయ్ మీద సాయంత్రం దాకా కూర్చుని తిరిగి వచ్చేవారు. ఆ సంగతి అమ్మీకి తెలుసు, మాకూ తెలుసు. ఇంట్లో ఎవరమూ అనలేదు.

చివరకు ఒక ప్రెస్సులో కంప్యూటరు నేర్చుకోవడానికి వెళ్లారు. నేర్పేవాడికి ఇరవై ఏళ్లుండవు. "చచా, మౌసును కలం పట్టినట్టు పట్టుకోకండి" అన్నాడట. వాడు మర్యాదగానే అన్నాడు. నాన్నగారు మాత్రం ఆ రాత్రి భోజనం చేయలేదు. నిజం చెప్పాలంటే ఆయన వేళ్లకు కీబోర్డు పట్టుబడనే లేదు. కుర్రవాళ్లు గంటలో కొట్టే పేజీకి ఆయనకు పూటంతా పట్టేది.

కాని ఆ కుర్రవాళ్లకు ఉర్దూ అంతంతమాత్రం. ఉర్దూలో 'స' ధ్వనికి మూడు అక్షరాలు, 'జ' ధ్వనికి నాలుగు. విన్నది విన్నట్టు కొడితే మాట తప్పిపోతుంది. నాన్నగారు పక్కన కూర్చుని నిలబెట్టి చదివించినట్టు తప్పులు పట్టేవారు. అది చూసి ప్రెస్సు యజమాని, "టైపు వదిలేయండి సాబ్, ప్రూఫులు చూడండి" అన్నాడు. కడదాకా ఆ పనే చేశారు. ముప్ఫై ఏళ్లు నమ్ముకున్న చెయ్యి అక్కరకు రాలేదు, ఎన్నడూ లెక్కలోకి తీసుకోని కన్ను అక్కరకు వచ్చింది.

ఈ రెండు పనుల నడుమ ఎనిమిది నెలలు పట్టింది. అమ్మీ కుట్టుపని, ఒక జత గాజులు, ఒక బంధువు ఇచ్చిన ఖర్జె హసనా, వీటితోనే ఇల్లు గడిచింది. ఆ బంధువు వడ్డీ ఎలాగూ అడగడు, ఎప్పుడిస్తావని కూడా అడగలేదు. ఆయన ఇవ్వకపోతే మేము ఇంటర్ మానేసి ఏదో దుకాణంలో కూర్చునేవాళ్లం. ఈ రోజు ఈ మైకు ముందు ఉండేవాళ్లం కాము.

మన సంఘం విద్యార్థులకు ఫీజులు కడుతున్నది, సంతోషం. కాని మన దరఖాస్తులో మొదటి గడి 'విద్యార్థి వయస్సు'. నలభై అయిదేళ్ల మనిషి ఆ కాగితం ఎలా నింపుతాడు? నిరుడు మా బడి పిల్లల తండ్రులిద్దరు వచ్చారు. ఒకరు దర్జీ, రెడీమేడ్ బట్టలతో పని తగ్గింది. రెండోవారు డీటీపీ పనివారు, పెళ్లి పిలుపులు ఫోన్లోకి వెళ్లిపోయి ఆయనకూ పని తగ్గింది. కాతిబును లేపిన బల్ల మీద కూర్చున్నవాడి వంతు కూడా వచ్చింది, చూశారా! ఇద్దరూ రెండుసార్లు పిల్లల మార్కుల గురించే మాట్లాడి వెళ్లారు. మూడోసారి గాని అసలు సంగతి చెప్పలేదు.

కనుక మా మనవి ఇది. పని మార్చుకునేవారికి ఆరు నెలల ఇంటి అద్దె, రేషను ఖర్జె హసనాగా ఇచ్చే చిన్న నిధి వేరుగా పెట్టండి. సభలో పేరు చదవవద్దు. కుట్టుమిషను ఇస్తూ ఫోటో తీసి సావనీరులో వేసే అలవాటు మనకున్నది, ఇక్కడ అది వద్దు. కొంత సొమ్ము తిరిగి రాదని కోశాధికారిగారు అంటారు. రాదు. ఫీజులకిచ్చినది తిరిగి వస్తున్నదా?

మా బడిలో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఒక గది, రెండు కంప్యూటర్లు ఖాళీగా ఉంటాయి. ప్రధానోపాధ్యాయులవారు ఒప్పుకున్నారు, తాళంచెవి మా దగ్గర ఉన్నది. వచ్చేవారు పెద్ద గేటు గుండా రానక్కరలేదు. మసీదు వైపు సందులో చిన్న తలుపున్నది, అది తీసి ఉంచుతాము.