దయ్యం కథ రాయబోయి...
(ఉయ్యూరు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)



పాతకాలపు ప్రేమ నవలకు యుద్ధాలు, దయ్యాల నవలకు చేతబడులు ఉంటే చాలనుకుంటాం. కాని అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’లో కాకతీయుల నాటి కత్తులకంటె గన్నారెడ్డి, అన్నాంబికల అనురాగమే గుర్తుంటుంది. యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ చదువుతూ మనం వణికింది క్షుద్రశక్తికి కాదు, పసిపిల్ల తులసికి ఏమవుతుందోనని.

మా ఆవిడ పోయాక నేనూ ఒక దయ్యం కథ మొదలుపెట్టాను. అర్ధరాత్రి పుల్లేరు కాలువ గట్టున దయ్యాన్ని నిలబెట్టాను. అది నోరు తెరిచి, “బి.పి. మాత్ర వేసుకున్నారా?” అంది. భయం పుట్టలేదు గాని, ఆ రాత్రి నాకు తోడు దొరికింది.

రాయాలనుకునేవారు ముందు తమ మనిషిని తలచుకోండి. రాజులూ దయ్యాలూ వెనకాలే వస్తారు.

సెలవు.