ఎప్పుడు ఆలోచించాలి, ఎప్పుడు కదలాలి
(వార్షిక సభ్యుల సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

లెక్కలు కోశాధికారి గారు చెప్పేశారు కాబట్టి మేము డబ్బు గురించి మాట్లాడం. పోయిన కార్తీక మాసంలో మేము చేసిన ఒక పొరపాటు గురించి, దాని నుంచి నేర్చుకున్న దాని గురించి చెప్తాం. చివర్లో మీ సమ్మతి ఒకటి కావాలి.

ఆ సాయంత్రం మీలో చాలామంది ఉన్నారు. పగలంతా ఎండ, ఉత్తరపు గాలి. దీపాలు పెట్టే వేళకు ఉరుములు మొదలయ్యాయి. హాల్లో ఒక బాబుకు ఊపిరి ఆడలేదు. కార్యవర్గంలో నలుగురం పక్కనే ఉన్నాం. వాళ్ల నాన్నగారిని వెతుకుదామా, హారతి ఆపమందామా, అంబులెన్స్‌ను పిలిస్తే జనం కంగారు పడతారేమో అని మాలో మేము మాట్లాడుకుంటున్నాం. ఈలోగా వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ఒక అమ్మాయి తడి చేతులతోనే వచ్చి, బాబును నిటారుగా కూర్చోబెట్టి, తన సంచిలోని నీలం పఫర్ ఇచ్చి, ట్రిపుల్ జీరోకు ఫోన్ చేయమని మా మీద కేకేసింది. బాబు ఇప్పుడు క్షేమంగా ఉన్నాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అంటారే, మేము బావి ఎక్కడ తవ్వాలో మీటింగు పెట్టుకున్నాం.

తర్వాత కూర్చుని ఆలోచించుకున్నాం. మేము తెలివితక్కువగా మాట్లాడలేదు. మాట్లాడే సమయం కాని సమయంలో మాట్లాడాం.

ఈ సంగతి మీద డేవ్ స్నోడెన్ అనే ఆయన 1999లో, ఐబీఎంలో పనిచేస్తూ ఒక పద్ధతి చెప్పారు. దాని పేరు కనెవిన్. అది వేల్స్ భాషలో మాట, మనం మసలే తావు అని అర్థం. 2007లో మేరీ బూన్‌తో కలిసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దాన్ని వివరంగా రాశారు. ఆయన చెప్పేది ఇదీ: నిర్ణయం తీసుకునే ముందు మనం ఎలాంటి పరిస్థితిలో ఉన్నామో చూసుకోవాలి. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు.

మొదటిది తేలిక పరిస్థితి. ఇక్కడ జవాబు ముందే తెలుసు. మన వంటిల్లే తీసుకోండి. వేడి ప్రసాదం 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో రెండు గంటల లోపు ఉంటే ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. రెండు దాటితే వెంటనే తినేయాలి. నాలుగు దాటితే పారేయాలి. పులిహోర పాడవదండీ, మా ఊళ్లో మర్నాటికి కూడా తినేవాళ్లం అని ఏటా ఒక చర్చ వస్తుంది. ఇక్కడ చర్చ వద్దు. గోడ మీద కాగితం చూడండి, అలా చేయండి.

రెండోది నిపుణులు కావలసిన పరిస్థితి. జవాబు ఉంటుంది కానీ మనకు తెలియదు. మంటపానికి కరెంటు లోడు, హాలు నుంచి బయటికి దారులు ఇలాంటివి. లక్ష్మణస్వామి మూర్ఛపోతే ఏ మూలిక కావాలో సుషేణుడే చెప్పాడు. సుగ్రీవుడు సభలో ఓట్లు అడగలేదు.

మూడోది చిక్కు పరిస్థితి. ఇక్కడ నిపుణుడికీ ముందుగా తెలియదు. మన హైస్కూలు పిల్లలు ఆదివారం తెలుగు తరగతికి రావడం మానేశారు. మేము దాన్ని తేలిక పరిస్థితి అనుకుని హాజరు పట్టీ పెట్టాం, తల్లిదండ్రులకు మెసేజ్‌లు పంపాం. వచ్చే కొద్దిమందీ తగ్గారు. అప్పుడు నియమం తీసేసి, ఒక టర్మ్ పాటు చిన్న చిన్నవి ప్రయత్నించాం. క్విజ్ పెడితే ఎవరూ రాలేదు, ఆపేశాం. మైకులు, సౌండు వాళ్ల చేతికిచ్చాం, దానికి వచ్చారు. సౌండు దగ్గర కూర్చున్నవాళ్లు భజన పదాలకు అర్థాలు అడగడం మొదలుపెట్టారు. ఇది మేము అనుకుని చేసింది కాదు. కొద్దిగా వేసి చూడటం, మొలిచిన దానికి నీళ్లు పోయడం, అంతే.

నాలుగోది అల్లకల్లోలం. ఇక్కడ ముందు చేయి కదలాలి, ఆలోచన తర్వాత. కొండ మీదికి వెళ్లిన హనుమంతుడికి మూలిక ఆనవాలు దొరకలేదు. వెతుకుతూ కూర్చోలేదు, కొండనే తెచ్చాడు.

ఇంకొక మాట కూడా స్నోడెన్ చెప్పారు. తేలిక అనుకుని ఏమరితే అక్కడి నుంచి నేరుగా అల్లకల్లోలంలోకి జారిపడతాం. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమండ్రి ఘాటులో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. జనం పలచగా ఉన్నప్పుడు వరుస నడపడం తేలికే. ఒత్తిడి మొదలయ్యాక లోపల ఉన్నవారి చేతిలో ఏమీ ఉండదు. అందుకే దారులు ముందే ఖాళీగా ఉంచాలి.

మన క్లైడ్ నార్త్‌కు వస్తే, ఇళ్లు అయిపోయిన చోట గడ్డి భూములు మొదలవుతాయి. రై గడ్డి పుప్పొడి ఉరుముల గాలివానలో తేమ పీల్చి పగిలి, సన్నని నలుసులై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2016 నవంబరు 21 సాయంత్రం మెల్బోర్న్‌లో వచ్చిన అలాంటి గాలివాన వల్ల 10 మంది చనిపోయారు. అంతకుముందు ఆస్తమా ఉందని తెలియనివారు, వట్టి హే ఫీవర్ అనుకున్నవారు కూడా ఆ రోజు ఆసుపత్రుల పాలయ్యారు. భారత, శ్రీలంక మూలాల వారు వాళ్ల జనాభా లెక్కకు మించి జబ్బుపడ్డారని తర్వాత పరిశోధకులు గమనించారు. అంటే మనవాళ్లే. సరిగ్గా మన దీపావళి, కార్తీక మాసాల వేళ ఇది.

కాబట్టి మేము కోరేది ఇది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రతి కార్యక్రమం రోజు పొద్దున్నే విక్‌ఎమర్జెన్సీలో థండర్‌స్టార్మ్ ఆస్తమా సూచన చూస్తాం. ఎరుపు ఉంటే గాలివాన వేళకు అందరం లోపలే, తలుపులు మూసి. హాల్లో నీలం పఫర్, స్పేసర్ ఉంచుతాం. నిటారుగా కూర్చోబెట్టడం, ఒక్కొక్కటిగా 4 పఫ్‌లు, ప్రతి పఫ్‌కు 4 శ్వాసలు, 4 నిమిషాలు ఆగడం, తగ్గకపోతే ట్రిపుల్ జీరోకు ఫోన్ చేసి మళ్లీ 4. మాట రానంత ఆయాసమైతే ఆగకుండా ముందే ఫోన్. ఇది వాలంటీర్లందరికీ నేర్పిస్తాం.

ఇక అసలు విషయం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, దగ్గరున్న ఏ వాలంటీరైనా, పదహారేళ్ల పిల్లయినా సరే, అధ్యక్షుల వారిని అడగకుండా కార్యక్రమం ఆపవచ్చు. పొరపాటున ఆపినా ఎవరూ నిలదీయకూడదు.

పూజ మధ్యలో ఆపితే అపచారం కదా అని ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. అది న్యాయమైన ప్రశ్న, మాకూ ఆ సంకోచం ఉంది. ఆ సాయంత్రం మా నోరు కట్టేసింది అదే. పురోహితుల వారిని అడిగితే, "ఆపిన చోట స్వామికి క్షమాపణ చెప్పుకుని మళ్లీ మొదలుపెడతాను. మీరు మాత్రం నా మంత్రం అయ్యేదాకా ఆగకండి" అన్నారు.

దీనికి సమ్మతించేవారు చేతులెత్తండి. అభ్యంతరం ఉన్నవారు కూడా చెప్పండి, ఇవాళ మాట్లాడుకోవడానికి తీరిక ఉంది.