పొట్ట పైన నొప్పి: అంతా గ్యాసేనా?

పొట్ట పైభాగంలో నొప్పి రాగానే ‘గ్యాసేలే’ అని ఏదో మాత్ర వేసుకుంటాం. కానీ నొప్పి ఎక్కడ, ఎప్పుడు, దేనితో కలిసి వస్తోందన్నదే అసలు కారణానికి దారి చూపుతుంది.

కుడి డొక్క కింద నొప్పి, చలిజ్వరం ఉంటే కాలేయంలో చీముగడ్డ కావచ్చు. మనలాంటి ఉష్ణప్రాంతాల్లో కలుషిత నీటితో, ఆహారంతో చేరే అమీబా దీనికి ఒక ముఖ్య కారణం. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో గడ్డ కనబడుతుంది. చాలామందికి మందులతోనే నయమవుతుంది. జిడ్డు భోజనం తర్వాత కుడివైపు పోటు వస్తే పిత్తాశయంలో రాళ్లున్నాయేమో చూడాలి. నడిమధ్య మంట తరచూ వస్తుంటే కడుపులో పుండు ఉండొచ్చు. దానికి హెలికోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి కారణమని తేల్చిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ దక్కింది. వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు క్లోమం వాపుకు గుర్తులు.

డెంగీలో జ్వరం తగ్గుముఖం పట్టాక కడుపునొప్పి పెరిగితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. చెమటలు, ఆయాసంతో నొప్పి వస్తే గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించండి.

నొప్పిని మాత్రతో అణచకండి, డాక్టరుకు వివరంగా చెప్పండి. సగం నిర్ధారణ మీ మాటల్లోనే ఉంది.